టోర్నమెంట్ ఆపాల్సి వచ్చినప్పుడు: జనానికి ఎట్లా చెప్పాలి, డబ్బులు ఎట్లా తిరిగివ్వాలి

మండలంలో జ్వరాలు మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో కబడ్డీ టోర్నమెంట్. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి జట్లు పేర్లిచ్చి ఎంట్రీ ఫీజు కట్టేశాయి. ఫ్లెక్సీలు లేచాయి, షామియానాకు బయానా ఇచ్చారు. ఇప్పుడు ఆపాలి. ఆపుతున్నామని చెప్పడానికి నిమిషం చాలు. ఆ తర్వాత వచ్చే ఫోన్లు, వాట్సాప్ గ్రూపుల్లో తిట్లు, పంచాయతీ ఆఫీసు ముందు పంచాయితీ మాత్రం నెల దాకా నడుస్తాయి. ఊరి టోర్నమెంట్లు నడిపే యూత్ కమిటీలకు, పీఈటీ సార్లకు పనికొచ్చేటట్టు ఈ పద్ధతి రాస్తున్నాం.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఆట ఆగినందుకు వచ్చే కోపం రెండు మూడు రోజుల్లో చల్లారుతుంది. చల్లారని కోపం వేరే చోట పుడుతుంది: ఆలస్యంగా తెలిసినప్పుడు, కట్టిన డబ్బు ఎటుపోయిందో తెలియనప్పుడు, మాకో రూలు వాళ్లకో రూలు అనిపించినప్పుడు. ఈ మూడింటినీ ఆపడం కమిటీ చేతిలోనే ఉంది.

ముందు ఏ రోగమో తేల్చుకోండి

"ఊళ్లో రోగాలున్నాయి కాబట్టి ఆపుతున్నాం" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఏ రోగం, ఎట్లా అంటుకుంటుంది అన్నదాన్ని బట్టి నిర్ణయమే మారిపోతుంది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్‌ను నేరుగా కలవండి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల దగ్గర ఏ వాడలో ఎన్ని కేసులో ఉంటాయి. ఆర్‌ఎంపీ డాక్టర్ అన్నాడనో, గ్రూపులో ఎవరో పెట్టారనో నిర్ణయం తీసుకోవద్దు. రేపు నలుగురూ నిలదీస్తే ఆ మాట నిలబడదు.

ఫ్లూ, కరోనా లాంటివైతే కబడ్డీకి అన్నిటికంటే ముప్పు ఎక్కువ. రైడర్ కూత పెడుతూ ఊపిరి వదులుతుంటాడు, ఏడుగురు మీదపడి పట్టుకుంటారు, ముఖాలు ముఖాలకు తగులుతాయి. ఫ్లూ ఉన్నవాడికి లక్షణాలు కనిపించకముందే, ఒక రోజు ముందు నుంచే, పక్కవాడికి అంటొచ్చు. అందుకే "జ్వరం ఉన్నవాళ్లు రావద్దు" అన్న బోర్డు ఒక్కటీ పనిచేయదు. అమ్మవారు పోసిన (చికెన్‌పాక్స్) కేసులైతే పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అవి చెక్కుకట్టే దాకా అంటుకుంటుంది. అంటుకున్నాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. చివరి కేసు తర్వాత ఎన్ని రోజులు ఆగాలో డాక్టర్‌నే అడగండి. వాయిదా ఎంతకాలమో చెప్పడానికి ఆ లెక్కే ఆధారం.

డెంగీ వేరు. అది మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు, పగటిపూట కుట్టే దోమతో వస్తుంది. డ్రమ్ములు, పాత టైర్లు, కూలర్లలో నిలిచిన నీళ్లు పారబోసి, ఫాగింగ్ చేయించి ఆట జరుపుకోవచ్చేమో డాక్టర్‌తో మాట్లాడండి. వాంతులు విరేచనాలు, పచ్చకామెర్లు అయితే సమస్య నీళ్లది, తిండిది. చాలాసార్లు పక్క ఊరి గ్రౌండ్‌కు మార్చి, మన ఊళ్లో వంట పెట్టడం మానేస్తే సరిపోతుంది. అవసరం లేనిచోట ఆపితే వచ్చేసారి అవసరమున్నా జనం నమ్మరు. అది పెద్ద నష్టం.

కలెక్టర్ నుంచి ఆదేశం వచ్చిందంటే ఇక చర్చ లేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద గుంపులను ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇదివరకు 144 సెక్షన్ అనేదే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 సెక్షన్. ఆదేశం కాపీ ఫొటో తీసి గ్రూపులో పెడితే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

రద్దా, వాయిదానా

ఈ రెండు మాటలూ కలిపి వాడితేనే చిక్కు. వాయిదా అంటే జట్లు ప్రాక్టీస్ చేస్తూ ఉంటాయి, ఫీజు మీ దగ్గరే ఉండొచ్చు. రద్దు అంటే డబ్బు తిరిగివ్వాలి. ఏదో ఒకటే అనండి.

వాయిదా వేస్తే తొందరపడి తేదీ ఇవ్వద్దు. 2020లో ఐపీఎల్ మార్చి 29న మొదలవ్వాలి. ఏప్రిల్ 15కు జరిపారు. ఆ తేదీ కూడా దాటిపోయి, నిరవధికంగా ఆపి, చివరికి సెప్టెంబర్ 19న యూఏఈలో మొదలుపెట్టారు. అంత పెద్ద క్రికెట్ బోర్డుకే తేదీ నిలవలేదు. తేదీకి బదులు, నిర్ణయం ఎప్పుడు చెప్తారో ఆ రోజు ఇవ్వండి. "వచ్చే నెల 10న డాక్టర్ సార్‌ను మళ్లీ కలిసి, అదే రాత్రి 8 గంటలకు చెప్తాం" అంటే నిలబెట్టుకోగలిగిన మాట. 10న కొత్త కబురు లేకపోయినా 8 గంటలకు మెసేజ్ పడాల్సిందే.

గేటు మూసి ఆడించే మాట కూడా వస్తుంది: "జనం లేకుండా ఆడిద్దాం." గేట్లు, గోడలు ఉన్న స్టేడియంలో అది కొంతవరకు సాగుతుంది. ఊరి మధ్య బడి గ్రౌండ్‌లో సాగదు. 2020 మార్చి 11న పారిస్‌లో పీఎస్‌జీ, డార్ట్‌మండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ను ప్రేక్షకులు లేకుండా పెడితే, వేల మంది స్టేడియం బయట గుమిగూడారు. మన దగ్గరైతే చుట్టూ మిద్దెలు, చెట్లు, ట్రాక్టర్ ట్రాలీలు ఉండనే ఉన్నాయి.

ఎవరికి ముందు, ఎవరికి తర్వాత

2020 మార్చి 13న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ గ్రాండ్ ప్రి కారు రేసు రద్దయిందని తెలిసేసరికి టికెట్లు కొన్నవాళ్లు గేట్ల ముందు నిలబడి ఉన్నారు. ఒక జట్టు సభ్యుడికి కరోనా అని ముందురోజు రాత్రే తెలుసు. ఆ రోజు జనానికి కోపం రద్దు మీద కంటే గేటు దాకా రానిచ్చినందుకే ఎక్కువ.

నిర్ణయం అయిన గంటలోపు ఈ వరుసలో ఫోన్లు పోవాలి. మొదట అన్నిటికంటే దూరపు జట్ల కెప్టెన్లకు, ఎందుకంటే వాళ్లు డీసీఎం వ్యాను మాట్లాడుకుని డీజిల్‌కు డబ్బులిచ్చి ఉంటారు. తర్వాత అంపైర్లకు, టెంట్‌హౌస్‌కు, మైక్‌సెట్ అతనికి. ఆ తర్వాత ప్రైజ్ మనీ రాసిన దాతలకు. వాళ్లు గ్రూపులో చూసి తెలుసుకుంటే నొచ్చుకుంటారు. మిర్చి బజ్జీ బండి అన్నను, చెరుకు రసం బండిని, ఐస్ అమ్మేవాళ్లను మర్చిపోవద్దు. రెండు రోజుల సరుకు వాళ్లు ముందే కొంటారు, ఆ నష్టం గురించి ఎవరూ అడగరు కూడా. ఫోన్లు అయ్యాకే గ్రూపులో మెసేజ్. అదే సాయంత్రం పంచాయతీ మైకులోనో, డప్పు చాటింపుతోనో ఊళ్లో చెప్పించండి. గ్రౌండ్ గేటుకు కాగితం అంటించండి, ఫ్లెక్సీ మీద "ఆగింది" అన్న పట్టీ వేయండి. పాత ఫ్లెక్సీ అట్లనే ఉంటే ఆదివారం పొద్దున ఎవరో ఒకరు పిల్లలను తీసుకుని వస్తారు.

మెసేజ్ ఇట్లా ఉంటే చాలు:

"అందరికీ నమస్తే. ఈ శని, ఆదివారాల్లో జరగాల్సిన కబడ్డీ టోర్నమెంట్ రద్దయింది. మండలంలో ఫ్లూ జ్వరాలు పెరిగినందున పీహెచ్‌సీ డాక్టర్ గారి సలహాతో కమిటీ ఈ నిర్ణయం తీసుకుంది. 32 జట్లకూ ఎంట్రీ ఫీజు 1,500 రూపాయలు పూర్తిగా, కట్టిన నంబరుకే, బుధవారం సాయంత్రం 6 లోపు వేస్తాం. బయలుదేరిన జట్లు ఉంటే వెంటనే ఫోన్ చేయండి. అడగాల్సినవి ఉంటే కింది ఇద్దరినే అడగండి."

కింద ఇద్దరి పేర్లు, నంబర్లు. ఇద్దరే. పదిమంది పది రకాలుగా చెప్తే గొడవ అక్కడే మొదలు. "అనివార్య కారణాల వల్ల" అని మాత్రం రాయొద్దు. కారణం ఖాళీగా వదిలితే జనమే నింపుతారు: డబ్బులు తిన్నరు, మన టీం ఓడుతదని ఆపిండ్రు, ఫలానా లీడర్ ఒత్తిడి చేసిండు అని.

రోగం వచ్చినవాళ్ల పేరు, వాడ, కులం, ఏ ఊరి నుంచి వచ్చారన్నది మెసేజ్‌లో గానీ నోటిమాటగా గానీ రానీయొద్దు. "ఆ వాడ వల్లే ఆట ఆగింది" అన్న మాట ఒక్కసారి పుడితే, నల్లా దగ్గర, కిరాణం దగ్గర ఆ కుటుంబాన్ని దూరం పెడతారు. భయపడి రెండో కేసువాళ్లు ఆశా అమ్మకు కూడా చెప్పరు. గ్రూపులో అట్లాంటిది పడితే అడ్మిన్ వెంటనే తీసేయాలి.

డబ్బు లెక్క

ఇక్కడే ఎక్కువ కమిటీలు చెడిపోతాయి. ఒక లెక్క చూడండి. 32 జట్లు, ఒక్కోటి 1,500 చొప్పున 48,000. దాతలు ఇచ్చింది 60,000. అప్పటికి ఖర్చు: ఫ్లెక్సీలకు 4,000, గ్రౌండ్ చదునుకు 5,500, షామియానా మైకు బయానా 5,000, షీల్డులు 8,500. మొత్తం 23,000.

ఆ ఖర్చును ఎంట్రీ ఫీజులోంచి పెట్టి ఉంటే చేతిలో మిగిలింది 25,000. జట్టుకు 781 రూపాయలు వస్తుంది. మిగతా 719 ఏదని 32 జట్లూ అడుగుతాయి, ఎంత బిల్లు చూపినా నమ్మించలేరు. అందుకే మొదటి మ్యాచ్ కూత పెట్టేదాకా ఎంట్రీ ఫీజు ముట్టుకోవద్దు. ఖర్చంతా దాతల డబ్బులోంచే పెట్టండి. అప్పుడు 48,000 తిరిగిపోతుంది, దాతలది 37,000 మిగులుతుంది. ఒక్కో దాతను అడగండి: వచ్చే టోర్నమెంట్‌కు ఉంచమంటారా, ఖర్చు పోను తిరిగి ఇమ్మంటారా. చాలామంది ఉంచమంటారు, కానీ అడగకుండా ఉంచుకుంటే తప్పు.

బయానా సంగతి టెంట్‌హౌస్‌తో మూడు నాలుగు రోజుల ముందే మాట్లాడితే, పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లకు ఇంకో గిరాకీ దొరుకుతుంది, బయానాను తర్వాతి తేదీకి జమ చేస్తారు. రసీదు వెనక ఆ మాట రాయించుకోండి. షీల్డుల మీద సంవత్సరం ముందే చెక్కించవద్దు, స్టిక్కర్ పట్టీ చివర్లో అంటించండి. ఫ్లెక్సీలో కూడా తేదీ విడి పట్టీగా ఉంటే 4,000 నీళ్లపాలు కాదు.

ఫోన్‌పేలో కట్టినవాళ్లకు అదే నంబరుకు వేయండి. చేతికి ఇచ్చినవాళ్లకు కెప్టెన్ సంతకంతో చేతికే. కెప్టెన్‌కు ఇస్తే జట్టులో అందరికీ తెలియాలి కాబట్టి, జట్టు పేరు, మొత్తం, తేదీ ఉన్న కాగితం ఫొటోను గ్రూపులో పెట్టండి. ఫోన్ నంబర్లు మాత్రం కనిపించకుండా మడవండి. ఇదే అదనుగా "రీఫండ్ కోసం ఈ లింకు నొక్కండి" అని మోసగాళ్లు తిరుగుతారు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదని ముందే చెప్పండి. ఎవరైనా పోగొట్టుకుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

వచ్చే ప్రశ్నలు, చెప్పాల్సిన జవాబులు

"పెండ్లిళ్లు అయితలేవా, సంత నడుస్తలేదా? ఆటనే దొరికిందా మీకు?" ఇది తప్పకుండా వస్తుంది, అందులో న్యాయం కూడా ఉంది. పెళ్లిళ్లలో ఏమీ కాదని వాదించకండి. "పెండ్లిళ్లు ఆపే అధికారం మనకు లేదన్నా. మన చేతిల ఉన్నది మన టోర్నమెంటే. ముప్పై ఊర్ల పిలగాండ్లను మనమే పిలిచి జ్వరంతోని పంపుడు ఎట్ల?" అంటే చాలు. అయితే ఈ మాట నిలవాలంటే, అదే వారం కమిటీ దావత్ గానీ సన్మానం గానీ పెట్టొద్దు. మన ఊరి జట్టు అదే గ్రౌండ్‌లో సాయంత్రం జనం మధ్య ప్రాక్టీస్ చేస్తున్న ఫొటో ఒక్కటి బయటికి పోతే మీ మెసేజ్‌కు విలువ ఉండదు.

"పిరికోళ్లు" అన్నవాళ్లకు జవాబు వద్దు. "మా పిలగాడు ఆరు నెలలు కష్టపడ్డడు సార్" అన్న తండ్రికి మాత్రం టైమ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. స్కూల్ గేమ్స్ సెలక్షన్లలో వయసు గీత దాటిపోయే పిల్లలకు నష్టం నిజం. పీఈటీ సార్ ఆ పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాసుకుని జిల్లా యువజన క్రీడల అధికారికి కాగితం పెట్టాలి. జాలిపడి జరగని ఆటకు సర్టిఫికెట్ ఇస్తే, ఉద్యోగంలో పరిశీలనకు వచ్చినప్పుడు ఆ పిల్లాడే ఇరుక్కుంటాడు.

ఆట మధ్యలో ఆగితే

సెమీఫైనల్స్ దాకా వచ్చి ఆగితే ప్రైజ్ మనీ పంచేద్దామని ఒత్తిడి వస్తుంది. నాలుగు జట్లకు సమానంగా పంచితే, ఓడి వెళ్లిన 28 జట్లూ మళ్లీ అడగడం మొదలుపెడతాయి. ఆగిన చోటే ఆపండి. 2021 మే 4న ఐపీఎల్‌ను 29 మ్యాచ్‌ల తర్వాత నిలిపేసి, సెప్టెంబర్ 19న అదే పాయింట్ల పట్టికతో మళ్లీ మొదలుపెట్టారు, అక్టోబర్ 15న ఫైనల్ ఆడారు. మీరూ స్కోరు షీట్ల మీద ఆ రోజే కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. మిగిలిన జట్ల ఆటగాళ్ల పేర్లు కూడా రాసి పెట్టండి. లేకపోతే రెండు నెలల తర్వాత కొత్త రైడర్‌ను బయటి నుంచి తెచ్చి దింపుతారు.

మళ్లీ పెట్టేటప్పుడు వరి నాట్లు, పత్తి ఏరుడు రోజులు తప్పించండి. పాలమూరు వైపు ఆటగాళ్లలో చాలామంది హైదరాబాద్, ముంబై, పుణె పనుల మీద ఉంటారు, పండక్కే ఊరికి వస్తారు. సంక్రాంతి, ఉగాది, దసరా చూసుకుని కనీసం 15 రోజుల ముందు చెప్పండి. పాత 32 జట్లకు మూడు రోజుల గడువిచ్చి, ఆ తర్వాతే కొత్తవాళ్ల పేర్లు తీసుకోండి. జట్లు మారితే పాత డ్రా చెల్లదు, కెప్టెన్ల ముందే చీటీలు మళ్లీ తీయండి. జ్వరం వచ్చిపోయిన ఆటగాళ్లను డాక్టర్ సరేనన్నాకే దింపండి, మొదటి వారం నడక, మెల్లగా పరుగు, ఆ తర్వాతే పట్టు.