కొత్త టూరింగ్ బండి – నాలుగో పాఠం: యాక్సిలేటర్ సున్నా దగ్గర జర్క్

ఈసారి ఘాట్ మలుపులు మొదలుపెట్టాల్సింది. అవి చివర్లో కొంచెం వస్తాయి, అంతే. పోయిన పాఠంలో యాక్సిలేటర్ వైరు ప్లే (అంటే గ్రిప్ తిప్పితే ఇంజన్ మీద ప్రభావం లేకుండా మొదట తిరిగే కాస్త వదులు) గురించి రాసిన నాలుగు లైన్లు చాలామందిని తిప్పలు పెట్టాయి. ‘ప్లే ఎక్కువుంటే జర్క్ వస్తుంది’ అన్న మాట పట్టుకుని కొందరు ప్లే మొత్తం తీసేశారు. ఇంకొందరు అసలు వైరే లేని బండిలో వైరు కోసం వెతికి, స్విచ్ బాక్స్ స్క్రూలు విప్పేదాకా పోయారు. ముందు ఈ రెండూ తేల్చుకుందాం.

వైరు బిగించేసినవాళ్ళు బండి రోడ్డెక్కించే ముందు ఈ పరీక్ష చేయండి. ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్లో ఉంచి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పండి. ఏ వైపైనా ఇంజన్ శబ్దం పెరిగిందంటే వైరు ఎక్కువ బిగిసింది. హ్యాండిల్ తిరిగినప్పుడు వైరు ఒంపు మారి లోపలి తీగ లాగుతుంది. ఆ లాగుడు ఇంజన్ దాకా పోకుండా ఆపడానికే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల వదులు. అది తీసేస్తే యూ టర్న్ సగంలో, హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు, మీ చెయ్యి కదలకపోయినా బండి రైజ్ అవుతుంది. తిరుపతి లీలామహల్ సర్కిల్లో ఆటోల మధ్య తిప్పుతుండగా ఈ పని జరిగితే చూసుకోండి మరి. ఇంకో నష్టం కూడా ఉంది. ప్లే లేకపోతే యాక్సిలేటర్ పూర్తిగా మూసుకోదు. స్లో, అంటే యాక్సిలేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, ఒకసారి 1300 ఆర్‌పీఎం ఉంటే ఇంకోసారి 1800 ఉంటుంది, మీరేమో ఇంజెక్టర్ పాడైందనుకుంటారు.

కొలత ఇలా. గ్రిప్ లోపలి అంచు మీద, స్విచ్ బాక్స్ పక్కన, తెల్ల మార్కర్‌తో ఒక గీత పెట్టండి. దానికి ఎదురుగా స్విచ్ బాక్స్ మీద ఇంకో గీత. ఇంజన్ ఆపి, రెండు వేళ్ళ కొనలతో గ్రిప్‌ని మెల్లగా తిప్పితే మొదట వదులుగా కదిలి, తర్వాత స్ప్రింగు బరువు తెలుస్తుంది. ఆ బరువు తగిలేలోపు గీత ఎంత జరిగిందో అదే ప్లే. చాలా బళ్ళకి 2 నుంచి 4 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. వైరు మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగితే లాక్ నట్టు, అడ్జస్టర్ కనిపిస్తాయి. లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టర్‌ని అర చుట్టు తిప్పడం, కొలవడం, మళ్ళీ అర చుట్టు. రెండు వైర్లుంటే ఒకటి తెరిచేది, ఒకటి మూసేది. గ్రిప్ తెరిచినప్పుడు బిగుసుకునేది తెరిచే వైరు. దాని అడ్జస్టర్ మాత్రమే తిప్పండి, మూసే వైరు జోలికి పోవద్దు. చివర్లో హ్యాండిల్ ఎడమకి, నేరుగా, కుడికి పెట్టి మూడు చోట్లా గ్రిప్ సగం తెరిచి వదిలేయండి. మూడుసార్లూ టక్కున మూసుకోవాలి.

మూసుకోకపోతే తప్పు వైరుదే అనుకోకండి. కొత్త టూరింగ్ బండికి తగిలించిన సామాన్లు చూడండి. హ్యాండ్ గార్డ్ బిగించినప్పుడు చివరి బోల్టు గ్రిప్‌ని లోపలికి నొక్కేసి ఉంటుంది. గ్రిప్ చివరకీ గార్డ్‌కీ మధ్య ఒక మిల్లీమీటరైనా సందుండాలి. ట్యాంక్ బ్యాగ్ పట్టీ, మొబైల్ హోల్డర్ చార్జర్ వైరు యాక్సిలేటర్ వైరుని పక్కకి తోస్తుంటాయి. హ్యాండిల్‌ని ఎత్తు చేసే రైజర్ వేయించుకుంటే వైరు చాలక ప్లే దానంతటదే తగ్గిపోతుంది. గ్రిప్ మీద స్పాంజి తొడుగులు వేసుకునేవాళ్ళకి నా సలహా, పీకేయండి. స్పాంజి ఒత్తుకున్నాక గానీ గ్రిప్ కదలదు. మీరు 3 మి.మీ. తిప్పాననుకుంటే అక్కడ తిరిగింది ఒకటే, ఆ తర్వాత మిగతా రెండూ ఒకేసారి తిరుగుతాయి.

ఇప్పుడు వైరు లేని బళ్ళు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 లాంటి వాటిలో గ్రిప్ దగ్గర ఉండేది సెన్సర్. మీరెంత తిప్పారో అది ఈసీయూకి, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్‌కి చెప్తుంది, ఎంత తెరవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. అక్కడ అడ్జస్టర్ లేదు, వెతకొద్దు, విప్పొద్దు. ఇంటర్‌సెప్టర్ 650, సూపర్ మీటియర్ 650లకు వైరుంది కాబట్టి పైన చెప్పిందంతా వాటికి వర్తిస్తుంది. సెన్సర్ బళ్ళవాళ్ళకి పని తక్కువ. ఇంజన్ మెత్తగా స్పందించే మోడ్‌కి మార్చుకోండి. హిమాలయన్‌లో ఈకో, వేరే బళ్ళలో రెయిన్. మొదటి వెయ్యి కిలోమీటర్లు టౌన్లోనూ ఘాట్లోనూ అందులోనే నడపండి, సిగ్గుపడాల్సిందేం లేదు. యాక్సిలేటర్ మూసి ఉన్నప్పుడే మోడ్ మార్చండి. ఆన్‌లైన్లో దొరికే ‘థ్రాటిల్ బూస్టర్’ డబ్బాలు జర్క్ తగ్గించవు. మొదటి మిల్లీమీటర్లోనే ఎక్కువ తెరిచేలా చేసేవే అవన్నీ, మీ జబ్బు ఇంకా ముదురుతుంది.

ఇంత చేశాక కూడా బండి దూకుతోందా? దూకుతుంది. అసలు విషయానికి ఇప్పుడొచ్చాం. ఎన్నిసార్లు చెప్పినా జనం ఇదే తప్పు చేస్తుంటే యాష్టకొస్తుంది.

అందరూ ‘యాక్సిలేటర్ తిప్పగానే బండి దూకుతుంది’ అంటారు. అరవైలో పోతూ రవ్వంత తిప్పితే దూకుతుందా? లేదు. సగం తెరిచి ఉన్నప్పుడు ఇంకొంచెం తిప్పితే? అప్పుడూ లేదు. సున్నాకి మూసేసి, మళ్ళీ తెరిచినప్పుడే దూకుతుంది. కాబట్టి మీ చెయ్యి ఎంత వేగంగా తెరుస్తోందో అన్నది రెండో సంగతి. అంతకుముందు దాన్ని పూర్తిగా ఎందుకు మూశారన్నది మొదటి సంగతి.

కారణం ఇది. ఇంజెక్షన్ బండిలో మీరు గేర్లో పోతూ యాక్సిలేటర్ పూర్తిగా మూస్తే, ఇంజన్ వేగం స్లో కంటే బాగా పైన ఉన్నంతసేపూ ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. తగ్గించడం కాదు, ఆపేయడం. పాత కార్బ్యురేటర్ బళ్ళలో యాక్సిలేటర్ మూసినా స్లో జెట్ గుండా కొంచెం పెట్రోలు పోతూనే ఉండేది. ఇక్కడ ఇంజన్ మండటం మానేసి, వెనక చక్రమే ఇంజన్ని తిప్పుతుంది. బండి వెనక్కి లాగినట్టుంటుంది. మీరు మళ్ళీ రవ్వంత తెరవగానే పెట్రోలు తిరిగి మొదలవుతుంది, ఇంజన్ చక్రాన్ని తోయడం మొదలుపెడుతుంది. లాగుడు నుంచి తోపుడుకి ఒక్క క్షణంలో మారడం, మధ్యలో మెట్టు లేదు. అదే మీకు తగిలే దెబ్బ. 2020 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన బీఎస్ 6 పొగ నిబంధనల బళ్ళలో ఆ లెక్కల కోసం పెట్రోలు పొదుపుగా పోస్తారు కాబట్టి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి గేర్లో మరీ ఎక్కువ, ఎందుకంటే ఇంజన్ తోపుడుని ఆ గేరు అన్నిటికంటే ఎక్కువ పెంచి చక్రానికి ఇస్తుంది. అదే చెయ్యి, అదే తిప్పుడు, రెండో గేర్లో దెబ్బ చాలా తగ్గుతుంది.

మరి ఏం చేయాలి? నెమ్మదిగా పోయేటప్పుడు సున్నాకి రాకండి. ప్లే అయిపోయి స్ప్రింగు బరువు తగిలే చోటుందే, దానికి ఒక వెంట్రుకవాసి పైన యాక్సిలేటర్ని పట్టి ఉంచండి. బండి లాగకూడదు, తోయకూడదు. వేగం తగ్గాలంటే యాక్సిలేటర్ మూయకుండా వెనక బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించండి. ‘బ్రేకూ యాక్సిలేటరూ కలిపి వాడితే బండి పాడవుతుంది’ అని డ్రైవింగ్ నేర్పినవాళ్ళు చెప్పుంటారు. నాలుగు సెకన్ల మలుపుకి ఏం కాదు. మైలు పొడవునా కాలు ఆనించి పోతే వెనక డిస్క్ కాగి బ్రేకు పట్టు తగ్గుతుంది, అది నిజం. ఇంకా నెమ్మదించాలంటే క్లచ్‌ని సగం లోపలికి, అంటే పట్టు జారేదాకా మాత్రమే తీసుకోండి. జర్క్ వచ్చిన ప్రతిసారీ క్లచ్ మొత్తం పిసికేసి ‘పోయింది’ అనుకునేవాళ్ళున్నారు. అది పోలేదు. క్లచ్ వదిలేటప్పుడు ఇంకా పెద్దదిగా వస్తుంది, పైగా ఆలోపు ఇంజన్ మీ అదుపులో లేదు.

అలాగని ఐదో గేర్లో ముక్కుతూ నడపొద్దు. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్ వేగం మరీ కిందకి దిగితే ఒక్కో పేలుడూ విడివిడిగా చైన్‌ని గుంజుతుంది. అది వేరే జర్క్, దానికి గేరు దించడమే మందు.

చైన్ మాట వచ్చింది కాబట్టి. దెబ్బకి ముందు ‘టక్’మని చప్పుడొస్తే అది యాక్సిలేటర్ కాదు, చైన్ వదులు. చప్పుడు లేకుండా మెత్తగా తోస్తే పైన చెప్పిన పెట్రోలు గొడవ. కొత్త చైన్ మొదటి 500 కి.మీ.లలో సాగుతుంది, సర్వీసులో బిగిస్తారు గానీ ఒక చోటే కొలిచి వదిలేస్తారు. న్యూట్రల్లో చక్రం తిప్పుతూ అన్ని చోట్లా చూడండి, అన్నిటికంటే బిగువున్న చోట కొలవండి. ఎంతుండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది స్టిక్కర్లోనో మాన్యువల్లోనో ఉంటుంది. పక్కింటి బండి లెక్క మీకు పనికిరాదు. సస్పెన్షన్ ఎక్కువ కదిలే బండికి వదులు ఎక్కువ కావాలి. మరీ బిగిస్తే ఇద్దరు కూర్చున్నప్పుడు గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది.

చెయ్యి పట్టు గురించి మూడో పాఠంలోనే ఉంది, అందుకే పొట్టిగా చెప్తాను. గ్రిప్‌ని రోకలి పట్టినట్టు పిడికిలితో అడ్డంగా పట్టకండి, కొంచెం ఏటవాలుగా పట్టండి. మోచేతులు వంగి ఉండాలి, మోకాళ్ళు ట్యాంకుని అదమాలి. బొటనవేలి మొదలు స్విచ్ బాక్స్‌కి ఆని ఉంటే గతుకులో ఒళ్ళు కుదిపినా మణికట్టు తిరగదు. కొందరు రెండు వేళ్ళు ఎప్పుడూ ముందు బ్రేకు మీదే ఉంచమంటారు. టౌన్లో సరే. యాక్సిలేటర్ ఇంకా అలవాటు కానివాళ్ళు స్పీడ్ బ్రేకర్ మీద వేళ్ళు లీవర్ మీద పెట్టుకుంటే రెండూ కలిపి లాగేస్తారు, అందుకని మొదటి నెల నేను ఒద్దనే అంటాను.

ఇక ఘాట్. తిరుమల నుంచి దిగే దారి సుమారు 19 కి.మీ., దాన్ని 40 నిమిషాల కంటే ముందే దిగకూడదని నియమం. లెక్కేస్తే గంటకి 30 కి.మీ. లోపే. అంటే దారంతా మనకి ఇబ్బంది పెట్టే వేగమే, అదీ ఇంజన్ పట్టు మీద, యాక్సిలేటర్ మూసి. నేరుగా ఉన్న చోట రెండో గేర్లో పూర్తిగా మూసి దిగండి, తప్పు లేదు, బ్రేకులకి విశ్రాంతి. తిరిగి తెరవడం మాత్రం మలుపులో చేయకండి. మలుపుకి 15 మీటర్ల ముందే, బండి ఇంకా నిటారుగా ఉండగానే, వెనక బ్రేకు ఆనించి ఆ వెంట్రుకవాసి తెరిచి ఉంచుకోండి. ఆ దెబ్బేదో అక్కడే తగిలిపోతుంది. తర్వాత వంచండి, మలుపు సగం దాటాక బ్రేకు మెల్లగా వదలండి. వేగం దానంతటదే వస్తుంది, యాక్సిలేటర్ కదిలించే పనే లేదు. తిరుపతి నుంచి మదనపల్లె పోయే దారిలోని భాకరాపేట ఘాట్లో కూడా ఇదే పద్ధతి. కానీ అది రెండు వైపులా బళ్ళు వచ్చే రోడ్డు, ఎదురుగా లారీ మీ సగంలోకి రావచ్చు. బ్రేకు ఆనించి వెంట్రుకవాసి తెరిచే ఆ పని మలుపుకి 25 మీటర్ల ముందే ముగించి, ఎడమ పక్కన మీటరు చోటు చేతిలో ఉంచుకోండి. ఎక్కేటప్పుడు ఇంత గొడవ లేదు. ఎక్కుడులో యాక్సిలేటర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

సాధన. తిరుపతి చుట్టూ ఇళ్ళు లేని లేఅవుట్లు బోలెడున్నాయి, తారు వేసిన 30 అడుగుల రోడ్డొకటి చూసుకోండి. పొద్దున ఆరింటికి, ఇంజన్ వేడెక్కాక. రెండో గేర్లో, క్లచ్ ముట్టుకోకుండా, 15 నుంచి 25కి, మళ్ళీ 15కి. తగ్గించడం వెనక బ్రేకుతోనే, యాక్సిలేటర్ సున్నాకి రాకూడదు. వరసగా ఇరవై. మధ్యలో ఒక్కసారి దూకినా ఒకటి నుంచి మొదలు. అది వచ్చాక అదే రోడ్డు వెడల్పులో ఎనిమిది అంకె, ఎడమకి పది, కుడికి పది. కుడి మలుపులో యాక్సిలేటర్ చెయ్యి కడుపు వైపు నొక్కుకుపోతుంది కాబట్టి అది కష్టం, దాన్ని ముందు చేయండి. రెండూ కుదిరాక వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని మొత్తం మళ్ళీ. వాళ్ళ హెల్మెట్ వచ్చి మీ హెల్మెట్‌కి టప్పున తగిలిందా, ఆ రౌండు పోయినట్టే.

చైన్ కొలత, యాక్సిలేటర్ ప్లే, ఆరోజు మీటర్లో ఉన్న కిలోమీటర్లు, మూడూ ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టుకోండి. ఐదో పాఠం సామాను బరువుతో ఘాట్ ఎక్కడం మీద, అక్కడ ఆ అంకెలతో పనుంది.