మాలిక్యులర్ మాగ్నెట్ క్యూబిట్‌లో ఫేజ్ మెమరీ కాలం కొలవడం

మాలిక్యులర్ మాగ్నెట్ (అయస్కాంత స్పిన్ ఉన్న అణువు) క్యూబిట్‌గా, అంటే క్వాంటమ్ సమాచార ప్రమాణంగా, పనికొస్తుందా అన్నది ముందుగా దాని ఫేజ్ మెమరీ కాలం (టీఎమ్), అంటే స్పిన్‌ల ఫేజ్ పొందిక చెదరకుండా నిలిచే సమయం, చెబుతుంది. కొలిచేది పల్స్‌డ్ ఈపీఆర్ (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ స్పిన్‌లను మైక్రోవేవ్ పల్స్‌లతో కదిపి చూసే పద్ధతి) మీదే అయినా, ఫలితం చాలావరకు శాంపిల్ దగ్గరే ఖాయమైపోతుంది.

స్పిన్ 1/2 ఉన్న వనాడిల్ (వనాడియం-ఆక్సిజన్) కాంప్లెక్స్‌ను డ్యుటీరియేటెడ్ (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న) టోలుయీన్‌లో 0.5 మిల్లీమోలార్‌గా కరిగించండి. చిక్కగా చేస్తే సిగ్నల్ పెరుగుతుంది, కానీ పక్కపక్క ఎలక్ట్రాన్ స్పిన్‌ల తాకిడికి టీఎమ్ పడిపోతుంది. మామూలు టోలుయీన్‌లో ప్రోటాన్‌లు అదే పని చేస్తాయి; డ్యుటీరియం గైరోమాగ్నెటిక్ నిష్పత్తి (అయస్కాంత క్షేత్రానికి స్పిన్ ఎంత స్పందిస్తుందో చెప్పేది) వాటికంటే సుమారు 6.5 రెట్లు తక్కువ. న్యూక్లియర్ స్పిన్‌లు దాదాపు లేని కార్బన్ డైసల్ఫైడ్‌లో ఒక వనాడియం కాంప్లెక్స్ 10 కెల్విన్ దగ్గర 0.7 మిల్లీసెకన్లు నిలిచిందని 2015లో తేలింది. ఆ ద్రావణి మాత్రం విషం, తేలిగ్గా అంటుకుంటుంది. మొదటి ప్రయత్నానికి వద్దు.

ఫ్రీజ్-పంప్-థా (గడ్డకట్టించి, గాలి లాగి, కరిగించడం) మూడుసార్లు చేసి ఆక్సిజన్ తీసేయండి. ట్యూబ్ సీల్ చేసి, అడుగు వైపు నుంచి ద్రవ నైట్రోజన్‌లో త్వరగా దించండి. నెమ్మదిగా చల్లబడితే టోలుయీన్ స్ఫటికమై కాంప్లెక్స్‌ను బయటికి నెడుతుంది. గుంపు కట్టిన చోట గాఢత ఎన్నో రెట్లవుతుంది. తెల్లగా మసకబారిందంటే కరిగించి మళ్లీ గడ్డకట్టించాల్సిందే.

9.5 గిగాహెర్ట్జ్, 10 కెల్విన్ దగ్గర ఫీల్డ్ స్వీప్ చేసి, ఎకో (పల్స్‌ల తర్వాత స్పిన్‌లు తిరిగిచ్చే సిగ్నల్) అత్యధికంగా ఉన్నచోట ఫీల్డ్ నిలపండి. ఇన్వర్షన్ రికవరీతో (స్పిన్‌లను తలకిందులు చేసి కోలుకోవడం చూసే పద్ధతి) టీ1, అంటే స్పిన్‌లు సమతౌల్యానికి తిరిగొచ్చే కాలం, కొలిచి, షాట్‌కూ షాట్‌కూ మధ్య కనీసం దానికి 5 రెట్లు ఆగండి. లేకుంటే స్పిన్‌లు సంతృప్తమై ఎకో చిక్కిపోతుంది.

తర్వాత హాన్ ఎకో: 16 నానోసెకన్ల π/2 పల్స్ (స్పిన్‌లను 90 డిగ్రీలు తిప్పేది), τ విరామం, 32 నానోసెకన్ల π పల్స్ (180 డిగ్రీలు తిప్పేది). మొదటి పల్స్ ఫేజ్‌ను ప్లస్, మైనస్‌గా మార్చి తీసివేస్తే బేస్‌లైన్ ఆఫ్‌సెట్ పోతుంది. τ పెంచుతూ ఎకో ఎత్తు నమోదు చేసి, exp[−(2τ/టీఎమ్)ˣ]కు ఫిట్ చేయండి (x ఫిట్‌లోనే తేలే ఘాతాంకం). 2τ బదులు τ వేస్తే టీఎమ్ సగమే వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. రెండో పల్స్ కోణం తగ్గిస్తే టీఎమ్ పెరిగిందా, శాంపిల్ ఇంకా పలుచన కావాలి.

చివరగా రాబీ పరీక్ష: పల్స్ కింద స్పిన్ రెండు స్థితుల మధ్య నిజంగా ఊగుతోందా అని చూడడం. పల్స్ నిడివి పెంచుతూ డోలనాలు చూసి, పవర్ 6 డెసిబెల్స్ తగ్గించి మళ్లీ చూడండి: నిజమైన రాబీ ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. 340 మిల్లీటెస్లా దగ్గర 14.5 మెగాహెర్ట్జ్‌లోనే కదలకుండా ఉన్నది ప్రోటాన్‌ది, క్యూబిట్‌ది కాదు.