ఆక్టేవ్‌లో లెక్కల ఫంక్షన్లు: సైన్ 30 కొడితే అర ఎందుకు రాదు?

కాలేజీ ల్యాబ్‌లో లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ మాట్‌ల్యాబ్ ఉంటుంది, రూమ్‌కొచ్చాక లైసెన్స్ ఉండదు. అలాంటప్పుడు దాదాపు అలాగే పనిచేసే ఆక్టేవ్ ఇన్‌స్టాల్ చేసుకోండి, పైసా ఖర్చు లేదు, కింద చెప్పే ఫంక్షన్లన్నీ రెండింట్లోనూ ఉన్నాయి. (పేరు చూసి సంగీతం సాఫ్ట్‌వేర్ అనుకుంటారు కొందరు. ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అనే కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ పేరది.)

ముందు సైన్ సంగతి. బెంగళూరు మారతహళ్లి పీజీలో పక్క రూమ్ తమ్ముడొకడు "అన్నా, సైన్ 30 అంటే అర కదా, ఇదేంటి మైనస్ 0.9880 అంటోంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?" అని అడిగాడు. అక్కర్లేదు. సైన్, కాస్, టాన్ మూడూ రేడియన్లే తీసుకుంటాయి, మీరు 30 అంటే అది 30 రేడియన్లనే అనుకుంటుంది. డిగ్రీలే కావాలంటే పేరు చివర డి ఉన్న సైన్‌డి, కాస్‌డి వాడండి, లేదా డెగ్2రాడ్‌తో ముందే మార్చేసుకోండి.

ఇది ఎంత కొంప ముంచుతుందో ఒక లెక్క చేసి చూడండి. డిగ్రీల్లో అక్షాంశం, రేఖాంశం ఇవి: బెంగళూరు 12.97, 77.59; చెన్నై 13.08, 80.27. మధ్య దూరం కావాలి. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ కట్టి వర్గం చేయండి. రేఖాంశాల తేడాకీ అదే చేసి, దాన్ని రెండు ఊళ్ల అక్షాంశాల కొసైన్లతో గుణించండి. రెండూ కూడి, ఎస్‌క్యూఆర్‌టీతో వర్గమూలం తీసి, ఏసైన్ (సైన్‌కి విలోమం) కట్టి, 2తోనూ భూమి వ్యాసార్ధం 6371తోనూ గుణిస్తే 290 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. రోడ్డు మీద దాదాపు 350 కాబట్టి నమ్మొచ్చు. డెగ్2రాడ్ మర్చిపోయారనుకోండి, అదే లెక్క దాదాపు 13,500 కిలోమీటర్లు చూపిస్తుంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు! అందుకే ఏ ఫంక్షన్‌నైనా ముందు మీకు జవాబు తెలిసిన అంకె మీద ప్రయోగించండి, ఆ తర్వాతే అసలు డేటా.

ఇంకోటి, సైన్‌లో పై (π) ఇస్తే సున్నా రాదు, 1.2246ఇ-16 వస్తుంది. అంటే దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలు. పై విలువని కంప్యూటర్ పూర్తిగా దాచుకోలేదు, అంతే. కాబట్టి జవాబు సున్నాతో సమానమా అని అడగకండి, ఏబీఎస్ (మైనస్ గుర్తు తీసేసేది) పెట్టి 1ఇ-10 కన్నా తక్కువా అని అడగండి.

లాగ్ అంటే సహజ లాగరిథమ్. 100 ఇస్తే 4.6052 వస్తుంది, ఇంటర్‌లో నేర్చుకున్న 2 కావాలంటే లాగ్10. ఎస్‌క్యూఆర్‌టీకి మైనస్ 4 ఇస్తే తిట్టదు, చక్కగా 2ఐ అని సంకీర్ణ సంఖ్య చేతిలో పెడుతుంది, గ్రాఫ్ వింతగా వస్తే ముందు ఇదే అనుమానించండి.

దశాంశాలు తీసేయడానికి నాలుగున్నాయి: రౌండ్ (దగ్గరి పూర్ణాంకానికి), ఫ్లోర్ (కిందికి), సీల్ (పైకి), ఫిక్స్ (సున్నా వైపుకి). ధన సంఖ్యలకి ఫ్లోర్, ఫిక్స్ ఒకటే. మైనస్ 2.7కి మాత్రం ఫ్లోర్ మైనస్ 3కి దిగుతుంది, ఫిక్స్ మైనస్ 2 దగ్గర ఆగుతుంది. రౌండ్‌కి 2.5 ఇస్తే ఇక్కడ 3, పైథాన్‌లో 2. అక్కడి నుంచి కోడ్ తెచ్చుకునేవాళ్లు గమనించాలి. శేషం ఇచ్చే మాడ్, రెమ్ తేడా కూడా మైనస్ దగ్గరే: మైనస్ 7ని 3తో భాగిస్తే మాడ్ 2, రెమ్ మైనస్ 1.

ఈ ఫంక్షన్లకి మొత్తం వరుసని ఒకేసారి ఇవ్వొచ్చు, లూప్ రాయక్కర్లేదు. కానీ వరుసలో ప్రతి అంకెనీ వర్గం చేయాలంటే టోపీ గుర్తుకి (^) ముందు చుక్క పెట్టాలి, లేకపోతే మాట్రిక్స్ గుణకారమనుకుని ఎర్రర్ ఇస్తుంది.

చివరిగా, మీ వేరియబుల్‌కి సమ్, మాక్స్ లాంటి పేర్లు పెట్టకండి. సమ్ = 218 అని ఒకసారి రాశారంటే ఆ తర్వాత మార్కులు కూడమన్నా అది కూడదు, ఇండెక్స్ అవుట్ ఆఫ్ బౌండ్ అంటుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే క్లియర్ సమ్ అని కొట్టండి, ఫంక్షన్ తిరిగొస్తుంది.