కడపలో ఉండి పుస్తక ప్రచురణ పని నేర్చుకోవడం ఎలా?

ప్రచురణ సంస్థలో మేనేజరు స్థాయికి చేరినవాళ్లు ముఖ్యంగా రెండు పనులు చేస్తారు. ఏ రాతప్రతి తీసుకోవాలో తేలుస్తారు, తీసుకున్నదాన్ని నష్టం లేకుండా పాఠకుడి చేతికి చేరుస్తారు. మొదటిదానికి చదువు కావాలి, రెండోదానికి లెక్క కావాలి. సాహిత్యం మీద ఇష్టంతో వచ్చేవాళ్లు ఎక్కువగా లెక్క దగ్గరే తప్పుతారు. ఇగ్నోలో పుస్తక ప్రచురణ మీద పీజీ డిప్లొమా ఉంది, నేషనల్ బుక్ ట్రస్ట్ శిక్షణ తరగతులు నడుపుతుంది. వీలైతే చేయండి. కానీ 160 పేజీల పుస్తకం ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా మీ చేతుల మీదుగా తెస్తే వచ్చే పట్టు ఏ తరగతిలోనూ రాదు. అందుకు హైదరాబాద్‌లో ఇల్లు తీసుకోనక్కర్లేదు.

ముందు హక్కులు

రచయిత ఎంత దగ్గరివాడైనా నోటిమాట మీద పని మొదలుపెట్టకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేనని చట్టం అనుకుంటుంది. వేరే గడువు రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు తిరిగి రచయితకే పోతుంది. కాబట్టి ఎన్నేళ్లు, ఎన్ని కాపీలు, రాయల్టీ ఎంత (అచ్చు వెల మీద 10 శాతం మామూలు), ఈ-బుక్, ఆడియో ఎవరివి అనేవి విడివిడిగా రాయండి.

పాత పుస్తకం మళ్లీ వేయాలనుకుంటే, రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. 1964లో కన్నుమూసిన రచయిత పుస్తకాలు 2025 జనవరి 1 నుంచి ఎవరైనా వేయొచ్చు. పాత ప్రతులు వెతకాలంటే కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంతో మొదలుపెట్టండి.

ఎడిటింగ్: సీమ మాట చెడిపోకుండా

మన జిల్లాల పుస్తకాలకు ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పాత్ర “యాడికి పోతాండావు?” అంటే ప్రూఫ్ (అచ్చుకు ముందు తప్పులు చూసే ప్రతి) చూసేవాళ్లు దాన్ని “ఎక్కడికి వెళ్తున్నావు?” అని దిద్దేస్తారు. కథ సగం చచ్చిపోతుంది. దీన్ని ఆపడానికి పని మొదట్లోనే ఒక పదాల పట్టిక తయారుచేయండి. రచయిత వాడిన మాండలిక రూపాలన్నీ అందులో రాసి, ఒక్కోదానికి ఒకే వర్ణక్రమం ఖాయం చేయండి. ‘పోతాండాడు’, ‘పోతన్నాడు’, ‘పోతుండాడు’ మూడూ ఒకే పాత్ర నోట వస్తే, కావాలనే అలా రాశారా లేక అది చేతి పొరపాటా అని రచయితను అడిగి తేల్చుకోండి. కథకుడి భాషకూ పాత్రల భాషకూ వేరువేరు వరసలు పెట్టండి. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టడం) చేసేవాళ్లకూ ప్రూఫ్ చూసేవాళ్లకూ ఆ పట్టిక కాపీ ఇవ్వాల్సిందే.

పేజీలు కట్టడం

పాత రాతప్రతులు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు క్ష, జ్ఞ, ఱ, పొల్లు, ఒత్తులు దెబ్బతింటాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు పోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. మార్పిడి అయ్యాక ఈ అక్షరాలను ఒక్కొక్కటిగా వెతికి చూడండి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు పనికొచ్చే కంపోజర్ (వరసలు పేర్చే అమరిక) ఎంచుకోకపోయినా ఒత్తులు విడిపోతాయి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరసల మధ్య చోటు ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. 12 పాయింట్ల అక్షరానికి 17 లేదా 18 పాయింట్లు ఇవ్వండి.

ప్రూఫ్ మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్ చూస్తారు. రెండోసారి పేజీలు కట్టాక. మూడోసారి దిద్దుబాట్లు, పేజీ నంబర్లు, విషయసూచిక మాత్రమే. రచయితను మూడో ప్రూఫ్‌లో కొత్త పేరాలు రాయనివ్వకండి, పేజీలన్నీ జరిగిపోతాయి.

కాగితం లెక్క

డెమ్మీ 1/8 సైజు (సుమారు 5.5 × 8.5 అంగుళాలు) పేజీలో 220 నుంచి 240 మాటలు పడతాయి. 35,000 మాటల పుస్తకం ముందు పేజీలతో కలిపి 160 పేజీలకు వస్తుంది. ప్రెస్సులో ఫారం అంటే 16 పేజీలు, కనుక ఇది 10 ఫారాలు. 163 పేజీలు వస్తే మూడు పేజీలు తగ్గించండి, లేకపోతే ఇంకో ఫారానికి డబ్బు కట్టాలి.

23 × 36 అంగుళాల షీటులో 32 పేజీలు వస్తాయి. అంటే పుస్తకానికి 5 షీట్లు, 1,000 కాపీలకు 5,000 షీట్లు, రీముకు 500 చొప్పున 10 రీములు. వేస్టేజీకి ఇంకో అర రీము కలపండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం అయితే రీము సుమారు 18.7 కిలోలు. కిలో ధర కనుక్కుంటే కాగితం ఖర్చు మీరే కట్టొచ్చు, ప్రెస్సువాళ్ల కొటేషన్ సరైనదో కాదో తెలుస్తుంది. అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు చాలు.

బైండింగ్‌లో రెండు సంగతులు చెప్పి చేయించాలి. కాగితం నార (అందులోని పీచు సాగే దిశ) పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి, అడ్డంగా ఉంటే పుస్తకం సరిగా తెరుచుకోదు. 200 పేజీలు దాటితే జిగురు ఒక్కదాన్నే నమ్మకుండా కుట్టు బైండింగ్ చేయించండి. మన ఎండల్లో రేకుల షెడ్డులో పెట్టిన జిగురు బైండింగ్ కాగితాలు వదిలేస్తుంది. కట్టలను చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చితే చెదల భయం తగ్గుతుంది.

ఎన్ని కాపీలు, ఏ ధర

వెల 200 రూపాయలు అనుకుందాం. పంపిణీదారు 40 శాతం తీసుకుంటే 120 మిగులుతుంది, రాయల్టీ పోను 100. వెయ్యి కాపీలకు అచ్చు ఖర్చు ఒక్కోదానికి 60 అయితే, అన్నీ అమ్ముడుపోతే 40,000 మిగులుతుంది. 700 పోతే మిగిలేది 10,000 మాత్రమే. ఎడిటింగ్, డీటీపీ, అట్ట బొమ్మ ఖర్చులు అందులోంచే రావాలి. 500 వేస్తే అచ్చు ప్లేట్ల ఖర్చు తక్కువ కాపీల మీద పడి ఒక్కోటి 75 కావచ్చు. అవన్నీ పోతే 12,500 వస్తుంది, పెట్టుబడి 37,500తో సరిపోతుంది. మొదటి పుస్తకానికి 500 వేయడమే మేలు. 300 లోపయితే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్ అడగండి. గ్రంథాలయాలు కొంటాయన్న ఆశతో కాపీలు పెంచకండి.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) రుసుము లేదు, ఆన్‌లైన్‌లో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి దరఖాస్తు చేస్తే ఇస్తారు. పేపర్‌బ్యాక్‌కు ఒకటి, ఈ-బుక్‌కు ఒకటి కావాలి. మార్పుల్లేని పునర్ముద్రణకు పాతదే చాలు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీ సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలి.

160 పేజీల పుస్తకం బరువు సుమారు 190 గ్రాములు. తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నేరుగా పాఠకుడికి పంపితే పంపిణీదారు వాటా 80 మీకే మిగులుతుంది, కాబట్టి కొన్నవాళ్ల పేర్లు, చిరునామాలు దాచుకోండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు అందాలంటే ప్రెస్సుకు ఫైలు అక్టోబరు చివరికల్లా చేరాలి.

ఉద్యోగం అడిగేటప్పుడు

పెద్ద సంస్థలు ముందు ప్రూఫ్ లేదా సహాయ సంపాదకుల పనే ఇస్తాయి. ఏడాది తర్వాత ప్రొడక్షన్‌లోకి, ఆ పైన అమ్మకాల్లోకి మారమని మీరే అడగండి, మూడూ తెలిసినవాళ్లకే పుస్తకాల ఎంపిక అప్పగిస్తారు. ఇంటర్వ్యూకు మీరు తెచ్చిన పుస్తకంతోపాటు దాని పదాల పట్టిక, కాగితం లెక్క, అమ్మకాల వివరం తీసుకెళ్లండి. అమ్ముడుపోని కాపీలు ఎన్నో కూడా అందులో రాసి ఉండాలి.