24 పరిస్తే 24 తిరిగి డబ్బాలోకి రావాలి

నేనుండేది జర్మనీలో. శని, ఆదివారాలు కొలిమి పని నా సరదా. రోమన్ సైనికుల వేషం కట్టి ప్రదర్శనలిచ్చే ఒక చిన్న గుంపుకు ఇనుప సామాను చేసిపెడుతుంటాను. కిందటి సెప్టెంబర్‌లో షో అయిపోయాక, మా కుర్రాడొకడు టెంటు తాడు విప్పుతూ రెండడుగులు వెనక్కి వేశాడు. అరుపు కూడా రాలేదు. అలా ఒంటికాలి మీద నిలబడిపోయాడు. రబ్బరు షూ అడుగున నేను చేసిన ఇనుప ముల్లు దిగి ఉంది.

పొద్దున పరిచినవి 24. సాయంత్రం డబ్బాలో ఉన్నవి 23. “ఇంకోటి ఎవరి కారులోనో ఉంటుందిలే” అన్న మాట నాదే.

మళ్లీ ఎండలు వచ్చాయి, ప్రదర్శనల సీజన్ మొదలవుతోంది. ఆ ఇనుప ముళ్లు మేమూ చేస్తామని అడిగేవాళ్లూ మొదలయ్యారు. కళ్లద్దాలు పెట్టుకోవడం, కొలిమి దగ్గరికి పిల్లల్ని రానివ్వకపోవడం లాంటివి మీకు తెలిసినవే. వాటిని వదిలేస్తున్నా.

ముందు ఈ వస్తువు సంగతి. నాలుగు మొనలుండి ఎలా విసిరినా మూడు నేలకు ఆని ఒకటి పైకి లేచే ఇనుప ముల్లును లాటిన్‌లో ట్రిబ్యులస్ అంటారు. మన పల్లేరుకాయ శాస్త్రీయ నామంలో ఉన్నదీ అదే మాట. ఇక క్రీ.పూ. 52లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని అలీసియా ముట్టడిలో రోమన్ సేనాని సీజర్ వాడించినవి స్టిములస్‌లు. ఆ మాటకు అసలు అర్థం ఎడ్లను పొడిచే ములుకోల. అడుగు పొడవు కర్రకు ఇనుప కొక్కెం దిగ్గొట్టి, కర్ర మొత్తం మట్టిలో పూడ్చిపెట్టారు. వాటికి తోడు మూడడుగుల లోతు గుంతలు ఎనిమిది వరసల్లో తవ్వి, లోపల మొన చెక్కిన దుంగలు పాతి, పైన కంప కప్పారు. సైనికులు వాటిని ముద్దుగా లిల్లీలనేవారు. ముట్టడిలో చిక్కుకున్న గాల్ తెగల నాయకుడు వెర్సింగెటోరిక్స్‌ను విడిపించడానికి వచ్చిన గాల్ సేన రాత్రిపూట మీదికి వచ్చినప్పుడు, తమకు తెలియకుండానే ఆ కొక్కేలకు గుచ్చుకున్నారని సీజరే రాసుకున్నాడు.

‘తెలియకుండానే’ అన్న మాట దగ్గరే నా బాధంతా. కత్తి, ఈటె కళ్లకు కనిపిస్తాయి. ఇది కనిపించకుండా ఉండడానికే పుట్టింది. గడ్డిలో మీరు మరిచిపోయినా దాని పని అది చేస్తుంది. అందుకే లెక్క.

కొలిమి దగ్గర

పాత గేటు ఊచ, నీళ్ల పైపు ముక్క కాల్చకండి. వాటికి జింకు పూత ఉంటే ఆ పొగ పీల్చిన రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఎర్రదనం పోయిందంటే ఇనుము చల్లారిందని కాదు. నల్లగా కనిపిస్తూనే మూడు, నాలుగు వందల డిగ్రీలుంటుంది. ముట్టుకునే ముందు మీ చేతి వెనకవైపు కాస్త ఎడంగా పెట్టి సెగ చూడండి. గ్రైండర్ దగ్గర నూలు గ్లౌజులు వద్దు. చక్రం దారాన్ని లాగితే వేలు కూడా పోతుంది.

మొనకు పదును పెట్టకండి. బఠాణీ గింజంత గుండ్రంగా చేయండి, దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. “అసలుదానిలా లేదే” అని ఎవరైనా ముఖం చిట్లిస్తే, అలీసియా జరిగిన చోట ఇప్పుడు మ్యూజియం ఉంది, అసలువి అక్కడ చూసి రమ్మనండి. మా కుర్రాడి కాల్లో దిగింది ‘అసలుదానిలా’ ఉన్నదే.

మైదానంలో

రోమన్లు పూడ్చారని మీరు పూడ్చకండి. చెక్కపలకకు బోల్టులతో బిగించి, చుట్టూ తాడు కట్టి చూపించండి. పలకకు బిగించినది తప్పిపోదు. విడిగానే కావాలంటే ప్రతిదాని మీదా నంబరు కొట్టి, నారింజ రంగు వేయండి. గడ్డి మీద కాదు, గోనెపట్టా మీద పరచండి. పరిచేటప్పుడు ఇద్దరు లెక్కపెట్టాలి, ఏరేటప్పుడూ ఆ ఇద్దరే లెక్కపెట్టాలి. అంకె కాగితం మీద ఉండాలి, నోటిలెక్క వద్దు. ఒకటి తగ్గితే ఎవరూ కారెక్కకూడదు.

ఒకటి తగ్గితే ఎవరూ కారెక్కకూడదు. రెండోసారి ఊరికే రాయలేదు.

2023లో ఇక్కడ జర్మనీలోనే బాడ్ ఎమ్స్ అనే ఊరి దగ్గర రోమన్ శిబిరం తవ్వకంలో చెక్క మొనలు తడి మట్టిలో చెక్కుచెదరకుండా దొరికాయని వార్త వచ్చింది. అప్పటి నుంచి చాలామందికి చెక్కవి చేయాలని ఉబలాటం. చేయండి. కానీ తప్పిపోయిన చెక్క మొన అయస్కాంతానికీ మెటల్ డిటెక్టర్‌కూ దొరకదని గుర్తుంచుకోండి. దానికి లెక్క ఒక్కటే దిక్కు.

గుచ్చుకుంటే

కొక్కెం ఉన్నది దిగితే లాగకండి. లోపలికి పోయేటప్పటి కంటే బయటికి వచ్చేటప్పుడే ఎక్కువ చీలుస్తుంది. కదలకుండా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ధనుర్వాతం తుప్పుతో రాదు, మట్టిలోని సూక్ష్మజీవితో వస్తుంది, కాబట్టి తళతళలాడే కొత్త ముల్లయినా ఇంజెక్షన్ సంగతి అడగాల్సిందే. రబ్బరు షూ గుండా దిగిందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటి గాయంలో ఎముక దాకా పాకే ఇన్‌ఫెక్షన్ వేరే ఉంటుంది. పైన చిన్న చుక్క కనిపిస్తుంది, లోపల సంగతి వారానికి గానీ తెలియదు.

ఇక మిగిలినవి, వరసగా:

సంచిలో వేసి మోయకండి. మూతున్న చెక్కపెట్టెలో తీసుకెళ్లండి.
పిల్లల చేతికివ్వకండి. ఫొటో కోసమైనా సరే.
చెప్పులతో వచ్చినవాళ్లను తాడు దాటనివ్వకండి.
చీకటి పడ్డాక ఏరకండి, వెలుతురుండగానే ఏరండి.
అలసిపోయినవాడికి లెక్క అప్పగించకండి.
ఎవరైనా అప్పు అడిగితే ఇవ్వకండి. తిరిగొచ్చేటప్పుడు ఎన్ని వస్తాయో మీకు తెలియదు.
పందులు రాకుండా చేనుగట్టున పెడతానని ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వద్దు. రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చే పాలేరు కాలు అదే గట్టు మీద పడుతుంది. ఇంగ్లండ్‌లో అయితే మనుషులకు హాని చేసే ఉచ్చులు పన్నడం 1861 నాటి చట్టం ప్రకారం నేరమే.
“ఎవరి కారులోనో ఉంటుందిలే” అన్నవాడితో ఆ కారు డిక్కీ తెరిపించండి. అప్పటికప్పుడు, అందరి ముందూ. నాతో ఎవరూ తెరిపించలేదు.