గట్టి కలపలో జాయింట్లు కోసేటప్పుడు రౌటర్ బిట్ జారకుండా చూసుకోవడం ఎలా?

ఒకసారి టేకు బల్ల కాళ్ళకు అడ్డపట్టీలు కూర్చడానికి ఎనిమిది కుసులు (రంధ్రంలో దిగే కొసలు) రౌటర్ టేబుల్ మీద, అంటే వేగంగా తిరిగే బిట్‌తో కలపను కోసే యంత్రాన్ని కింద బిగించిన బల్ల మీద, వరుసగా కోశాను. మొదటి రెండూ కాళ్ళలోని రంధ్రాల్లో బిగుతుగా దిగాయి. తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి పలచబడుతూ వచ్చాయి. ఎనిమిదోది వేలితో తాకితే చాలు కదిలింది. 10 మి.మీ. ఉండాల్సిన కుసి 8 మి.మీ.కి వచ్చింది. పెట్టిన కొలతల్లో తప్పు లేదు. కోత కోతకూ బిట్ దాన్ని పట్టి ఉంచే కాలెట్‌లోంచి కొద్దికొద్దిగా పైకి జరిగింది, అంతే. మంచి టేకు ధర తెలిసినవాళ్ళకు ఆ బాధ చెప్పనక్కర్లేదు.

ఇలా జరిగినప్పుడు నట్టును ఇంకా గట్టిగా బిగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. స్పానర్‌కు ఇనుప గొట్టం తొడిగి బిగించేవాళ్ళూ ఉన్నారు. అది రోగానికి మందు కాదు, కాలెట్‌ను పాడుచేసే పని. కాలెట్ అంటే నిలువు చీలికలున్న చిన్న ఉక్కు గొట్టం. దాని వెలుపలి వైపు ఏటవాలుగా ఉంటుంది. నట్టు బిగిస్తే అది మోటారు ఇరుసులోని ఏటవాలు గుంటలోకి దిగి, చీలికలు దగ్గరపడి, బిట్ కాడను చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది. ఆ పట్టంతా రాపిడి మీదే ఆధారపడింది. మధ్యలో నూనె పొరో, జిగురు పట్టిన పొట్టో ఉంటే కాలెట్ కాడను రెండు మూడు చోట్ల మాత్రమే తాకుతుంది. అప్పుడు ఎంత బలం పెట్టినా లాభం లేదు.

కింది పనులన్నిటికీ ముందు రౌటర్ ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.

1. జారింది బిట్టేనా?
బిట్ బిగించాక కాడ మీద, కాలెట్ అంచున మార్కర్ పెన్నుతో సన్నని గీత కలిపి గీయండి. కాడ మీద కాలెట్ అంచు వెంబడి చుట్టూ మరో గీత వేయండి. పనికిరాని ముక్క మీద రెండు కోతలు కోసి చూడండి. గీతలు కదిలితే దోషం కాలెట్‌లోనిది. గీతలు అలాగే ఉండి లోతు మారితే, రౌటర్ ఎత్తును బిగించే లాక్ సడలింది. ఈ రెండు లోపాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ మరమ్మతులు వేరు.

2. కాడ కొలత కాలెట్‌కు సరిపోవాలి
మన మార్కెట్లో అంగుళాల కొలతల బిట్లు, మిల్లీమీటర్ల కొలతల బిట్లు కలిసే దొరుకుతాయి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., అర అంగుళం అంటే 12.7 మి.మీ. 6 మి.మీ. బిట్‌ను పావు అంగుళం కాలెట్‌లో పెడితే బిగిసినట్టే అనిపిస్తుంది, కోతలో జారుతుంది. 12 మి.మీ. బిట్‌ను అర అంగుళం కాలెట్‌లో పెట్టినా అంతే. అనుమానం ఉంటే వెర్నియర్ క్యాలిపర్‌తో కొలవండి. గట్టి కలపలో జాయింట్లకు రౌటర్ ఒప్పుకుంటే 12 లేదా 12.7 మి.మీ. కాడనే ఎంచుకోండి. అది కోతలో అంతగా వంగదు, అదరదు.

3. శుభ్రం చేయండి
టేకులో సహజంగా నూనె ఉంటుంది. ఆ పొట్టు వేడికి కాలెట్ లోపల గోధుమ రంగు పొరలా అతుక్కుంటుంది. థిన్నర్‌లో ముంచిన చిన్న ఇత్తడి బ్రష్‌తో కాలెట్ లోపలి భాగాన్నీ, చీలికలనూ, ఇరుసులోని గుంటనూ రుద్ది, పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు పట్టకూడదని లోపల నూనె రాయకండి. కాడ మీద గరుకు మచ్చలుంటే 600 నంబరు ఎమెరీ కాగితంతో తేలికగా సాపు చేయండి. కాలెట్ లోపల మాత్రం ఎమెరీ కాగితం పెట్టకూడదు. అక్కడ కొలత తప్పితే మళ్ళీ రాదు.

4. అడుగు దాకా దించి, కాస్త పైకి తీయండి
ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బిట్‌ను కింద తగిలేదాకా దించి, 2 నుంచి 3 మి.మీ. పైకి లాగి, అప్పుడు బిగించాలి. నట్టు బిగిస్తుంటే కాలెట్ కిందికి దిగుతూ బిట్‌నూ తనతో లాగుతుంది. కింద చోటు లేకపోతే బిట్ అక్కడే ఆగిపోతుంది, పట్టు పూర్తిగా కుదరదు. మరో జాగ్రత్త కూడా ఉంది. కాడ, కోసే అంచులు కలిసే చోట చిన్న వంపు ఉంటుంది. అది కాలెట్ లోపలికి పోకూడదు. లోతు చాలలేదని బిట్‌ను మరీ బయటికి లాగి పెట్టడమూ ప్రమాదమే. కాడలో కనీసం ముప్పావు వంతు కాలెట్ పట్టులో ఉండాలి. అప్పటికీ లోతు అందకపోతే పొడవైన బిట్ కొనండి.

రెండు స్పానర్లున్న రౌటర్‌కు వాటిని ఒకే అరచేతిలో ఇమిడేలా పెట్టి పిడికిలి బిగిస్తే చాలు. బిట్ లేకుండా ఖాళీ కాలెట్‌ను ఎప్పుడూ బిగించకండి. దాని ఆకారం చెడుతుంది.

5. కోతను పంచండి
గట్టి కలపలో సన్నని కాడ బిట్‌తో ఒక్కో కోతకు 3 మి.మీ. లోతు మించవద్దు. అర అంగుళం కాడ అయితే 5, 6 మి.మీ. దాకా వెళ్ళవచ్చు. కుసి దిగే రంధ్రాన్ని ముందు డ్రిల్‌తో తొలిచి, మిగిలినది రౌటర్‌తో సాపు చేస్తే బిట్ మీద భారం బాగా తగ్గుతుంది. డవ్‌టెయిల్ బిట్‌కు (అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా కోసేది) లోతును విడతలుగా పెంచే వీలు లేదు. అందుకే ముందు సన్నని సూటి బిట్‌తో మధ్యభాగం తీసేయండి.

పొట్టును పైకి తోసే స్పైరల్ బిట్లు రంధ్రాలకు చక్కగా పనికొస్తాయి. అయితే వాటి మెలిక బిట్‌నే కాలెట్‌లోంచి బయటికి లాగుతూ ఉంటుంది. వీటితో పనిచేసేటప్పుడు ప్రతి రెండు కోతలకూ గీత చూసుకోండి. మొండి బిట్ కూడా జారడానికి కారణమే. టేకులోని సిలికా అంచులను త్వరగా అరగదీస్తుంది. కాలిన వాసన వచ్చినా, మోటారు శబ్దం మారినా వెంటనే ఆపండి. ఆ వేగంలో బిట్ ఊడి వస్తే చేతికి, కంటికి ముప్పు. కళ్ళజోడు, మాస్క్ తప్పనిసరి.

ఇవన్నీ చేసినా గీత కదులుతుంటే కాలెట్ లోపలి అంచును వెలుతురులో చూడండి. నోరు కాస్త తెరుచుకున్నట్టున్నా, చీలికలు సమంగా లేకపోయినా దాన్ని మార్చేయండి. కాలెట్ అరిగే వస్తువే. కొత్తది కొనేటప్పుడు మీ రౌటర్ మోడల్ నంబరు చూపించండి, ఒక కంపెనీది మరోదానికి సరిగ్గా కూర్చోదు.