ఊరెళ్లొచ్చాక కారు స్టార్ట్ కావట్లేదా? ముందు శబ్దం వినండి

సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాల తర్వాత హైదరాబాద్ వస్తాం. మర్నాడు చలిలో ఆఫీసుకు బయల్దేరితే సెల్లార్‌లో కారు స్టార్ట్ కాదు. టెన్షన్‌లో తాళం తిప్పుతూనే ఉంటాం. దయచేసి అలా చేయకండి. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మళ్లీ కొట్టేముందు ఒక నిమిషం ఆగండి.

టకటకమంటోందా, ఇంజిన్ నీరసంగా తిరిగి ఆగిపోతోందా? బ్యాటరీ డౌన్ అయింది. బండి ఆపినా అలారం, గడియారం కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. పైగా చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి లేదు, నిజమే. కానీ బ్యాటరీకి అసలు దెబ్బ మే నెల ఎండల్లో తగులుతుంది, జనవరిలో బయటపడుతుంది. మల్టీమీటర్‌తో చూడండి: నిండా ఛార్జ్ ఉంటే 12.6 వోల్టులు, 12 లోపు ఉంటే దాదాపు ఖాళీ.

బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుందేమో కూడా చూడండి. ముందు మైనస్ విప్పి, తర్వాత ప్లస్ విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక గట్టిగా బిగించండి. మైనస్ చివర్లో బిగించాలి. చాలాసార్లు దీంతోనే పని అయిపోతుంది.

కాకపోతే పక్క బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుల్స్. ఎర్రది మన ప్లస్‌కు, రెండో కొస పక్క బండి ప్లస్‌కు. నల్లది పక్క బండి మైనస్‌కు, చివరి క్లిప్పు మన ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. ఒకసారి దాన్ని నేను బ్యాటరీకే పెట్టబోతే, మా అపార్ట్‌మెంట్‌లో క్యాబ్ నడిపే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "తమ్మీ, అక్కడ నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ గ్యాస్ అంటుకుంటది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. పక్క బండిని ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి, అప్పుడు మీది స్టార్ట్ చేయండి. స్టార్టయ్యాక అక్కడే నిలబెట్టకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంటైనా తిప్పండి. మర్నాడు మళ్లీ అదే కథైతే బ్యాటరీని షాపులో టెస్ట్ చేయించండి.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవట్లేదా? డీజిల్ బండైతే డ్యాష్‌బోర్డు మీద చుట్టలాంటి లైటు ఆరేదాకా ఆగి చూడండి. ఏ బండైనా బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో వెతకండి. తెగిన వైరు కనిపిస్తే ఇక సెల్ఫ్ కొట్టకుండా మెకానిక్‌ను పిలవండి.

స్టార్టయినా కదలట్లేదంటే హ్యాండ్‌బ్రేక్ పట్టేసింది. బ్రేక్ దించి, మెల్లగా ముందుకూ వెనక్కీ ఆడిస్తే చాలావరకు వదులుతుంది. ఈసారి ఊరెళ్లేటప్పుడు సమతలంగా ఉన్నచోట హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో వదిలి, టైర్లకు ఇటుకలు పెట్టండి.